పొట్టి పగటి గది

నవంబరు 1

చెల్లి అత్తారింటికి వెళ్ళిపోయింది. నలభై ఆరేళ్ళకి. రెండు పెట్టెలు, కుట్టుమిషను, గోడ గడియారం పట్టుకెళ్ళింది. గడియారం అది కొన్నదే, నేను కాదనలేదు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. హాయిగా ఉంది.

నవంబరు 2

రెండో గదిలో బట్టలు ఆరేశాను. ఇన్నాళ్ళకి చోటు దొరికింది.

నవంబరు 4

పని, ఇల్లు, పడక.

నవంబరు 5

చెల్లి ఫోన్ చేసింది. "తిన్నావా అక్కా?" అంది. తిన్నానన్నాను. "ఏం తిన్నావు?" అంది. దానికి అన్నీ కావాలి.

నవంబరు 7

ఇవాళ్టి నుంచి ఈ డైరీ, పంటలకి మేలుచేసే పురుగుల్ని పెంచే మా మిత్రపురుగుల కేంద్రంలోనే, నా బల్ల సొరుగులో ఉంటుంది. ఇంట్లో రాద్దామని కూర్చుంటే ఎదురు కుర్చీ అడ్డొస్తోంది. ఖాళీ కుర్చీ ఎలా అడ్డొస్తుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అడిగేవాళ్ళూ లేరు కాబట్టి ఫరవాలేదు.

సాయంత్రం అయిదింటికి టైమరు టిక్కుమంది, అరల మీద దీపాలు ఆరిపోయాయి. అందరూ సంచులు భుజాన వేసుకుని ఇళ్ళకి పరిగెత్తారు. పొట్టి పగటి గదిలో నేనూ, నల్ల తెర అవతల అరల్లో నా పిల్ల కందిరీగలూ మిగిలాం. బల్ల మీద ఎర్ర దీపం వేసుకుని రాస్తున్నాను. ఎర్ర వెలుగు వాటికి కనపడదు, కాబట్టి వాటికి ఇది చీకటే. నాకు మాత్రం అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి, కళ్ళు గుంజుతున్నాయి.

ఆరున్నర. బయల్దేరాలి.

నవంబరు 9

మొక్కజొన్న రైతుల సంఘం పెద్దావిడ వచ్చింది. మనిషి ముక్కుసూటి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, మావాళ్ళు అడుగుతుంటే నేను చెప్పలేకపోతున్నా. అసలు వీటిని నిద్రపుచ్చడం ఎందుకు? ఎప్పటికప్పుడు పెంచి ఇవ్వచ్చుగా?"

"మీ చేలన్నిటికీ ఒకే పది రోజుల్లో కావాలి కదా. అన్ని లక్షల్ని ఒక్కసారిగా ఎక్కడ పెంచను? అందుకే ఇప్పటినుంచీ కొద్దికొద్దిగా పెంచి, నిద్రపుచ్చి, చల్లగదిలో దాస్తాం. మీ చేలో రెక్కలపురుగు గుడ్లు పెట్టే వారానికి లేపి ఇస్తాం. మావి వెళ్ళి ఆ గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. ఇక అందులోంచి కాండం తొలిచే పురుగు రాదు, మా కందిరీగే వస్తుంది."

"నిద్రపొమ్మంటే పోతాయా?"

"తల్లికి పగలు పొట్టిగా చూపించాలి. పది గంటలే వెలుగు, మిగతాదంతా చీకటి. చలికాలం వచ్చేస్తోందని తల్లికి తెలిస్తే బిడ్డ నిద్రలోకి పోతుంది. నిద్రపోయింది చల్లగదిలో నెలల తరబడి బతుకుతుంది. మెలకువగా ఉన్నదాన్ని అదే గదిలో పెడితే చచ్చి ఊరుకుంటుంది."

"మా మనవరాలికి కూడా అలాంటి గది ఒకటి చూడండి, అర్ధరాత్రి దాకా గెంతుతోంది" అని నవ్వింది. వెళ్ళేముందు మాత్రం నవ్వు ఆపేసి, "ఈ ఏడు మందు కొట్టొద్దని నలభైమందితో ఒట్టు వేయించాను. మీ మీదే భారం" అంది.

ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని. ఆమాత్రం భారం మోయలేనా?

ఎర్ర బల్బు తీసేసి మామూలు బల్బు పెట్టుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. చిన్న బల్బే, పైగా మధ్యలో తెర ఉంది.

ఏడు.

నవంబరు 12

చెల్లి పెళ్ళి ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి, లేకపోతే నేనే ఏదో ఒకటి కల్పించుకుంటాను.

మా మరిది దర్జీ. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది, పెళ్ళిఫోటోలో కూడా ఉందేమోనని నా అనుమానం. అందుకే నాలో నేను ఆయన్ని టేపు అంటాను. ఆయన కొట్టులో పని ఎక్కువైనప్పుడు గుండీలు, కాజాలు చెల్లికి ఇచ్చేవాడు. రెండేళ్ళు వచ్చాడు, పోయాడు. రెండేళ్ళు నేనే టీ పెట్టి ఇచ్చాను. కాజాల గురించి ఇంతసేపు ఏం మాట్లాడతారా అని ఒక్కసారి అనుకుని ఊరుకున్నాను. ఇన్ని లక్షల పురుగులు జతకట్టడం కళ్ళారా చూసినదాన్ని, నా ఇంట్లో నా బల్ల దగ్గర ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

ఒకరోజు చెల్లి కూర తరుగుతూ తల ఎత్తకుండా అంది: "అక్కా, ఆయన అడిగాడు. నువ్వు సరేనంటేనే."

"నాదేముందే, నీ ఇష్టం" అన్నాను.

"నీ ఇష్టం కూడా చెప్పు."

"చెప్పాగా."

అది కత్తి కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నేను టీ గిన్నె తోముతున్నాను. ఆ గిన్నె అప్పటికే శుభ్రంగా ఉంది.

అమ్మా నాన్నా పోయాక ఇరవై రెండేళ్ళు ఇద్దరమే. నాకు పెళ్ళి మీద ధ్యాస లేదు, దానికీ లేదనే అనుకున్నాను. అదేమీ తప్పు చేయలేదు. ఎక్కడికో పోలేదు కూడా, బస్సులో నాలుగు స్టాపుల దూరం. నాకు కోపం లేదు.

ఏడున్నర.

నవంబరు 14

మా పెద్ద సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, అది పోయిందని పొద్దున్న గంటసేపు అందరి బల్లలూ వెతికించాడు. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చివరికి తుమ్మితే దానంతటదే ముక్కు మీదికి జారింది. ఆయన ఏమీ జరగనట్టు ఫైలు తెరిచాడు. ఇంతమంది కుక్కిన పేనుల్లా నిలబడి నవ్వాపుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇలాంటివి ఇంటికెళ్ళి చెల్లికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వేది.

చాలాసేపైంది. రాసింది ఇంతే. ఏడు ముప్పావు.

నవంబరు 16

నల్ల తెరని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఎవరో అలిగి అటు తిరిగి పడుకున్నట్టు ఉంటుంది. ఒక జానెడు పక్కకి జరిపాను. గాజుసీసాల్లో రెక్కలపురుగు గుడ్లు అతికించిన అట్టకార్డుల మీద చుక్కల్లాగా పాకుతున్నాయి. ఒక్కోటి ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. అయినా ఏదో ఒకటి కదులుతోందంటే గదికి అందం.

ఏడున్నర.

నవంబరు 18

కరెంటాయన వెళ్ళేముందు తలుపు అవతల నుంచి కేకేశాడు. "మేడమ్, ఇంకా ఉన్నారా?"

"ఇదిగో, బయల్దేరుతున్నా."

"రోజూ అదే అంటారు" అని నవ్వుకుంటూ పోయాడు. తొమ్మిదేళ్ళుగా ఈ కేంద్రం దీపాలూ టైమర్లూ ఆయనవే. నోరు ఊరుకోదు. బాగున్నారా అంటే బాగున్నానని ఊరుకోడు, మోకాలి నుంచి మొదలుపెడతాడు. ఆయనకి ఇంట్లో వినేవాళ్ళు ఉన్నారు కదా, ఇక్కడెందుకు?

ఏడుంబావు.

నవంబరు 20

చెల్లి ఆదివారం భోజనానికి రమ్మంది. టేపు కూడా ఫోన్ తీసుకుని, "వదినగారూ, మీరు రాకపోతే బాగోదు" అన్నాడు. ఆదివారం కార్డులకి చీటీలు కట్టే పని ఉందని చెప్పాను.

చీటీలు శుక్రవారమే కట్టేశాను. ఏ వారం కార్డులకి ఆ వారం చీటీ, మొదటి వారం, రెండో వారం, అన్నీ తీగకి గుచ్చి పెట్టాను.

వెళ్ళి ఏం చూడాలి? మా గోడ గడియారం ఇంకొకళ్ళ గోడ మీద ఎలా ఉందో చూడాలా? అది ఆయనకి వడ్డిస్తుంటే, నాకు కూర వేయడం ఒక్క నిమిషం ఆలస్యమైతే, ఆ నిమిషం నేనేం చేయాలి? యాభై మూడేళ్ళదాన్ని, ఇలా ఆలోచిస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. సిగ్గుగా ఉన్నా వెళ్ళబుద్ధి కావడం లేదు.

ఇక్కడ బాగుంది. ఇక్కడ నా కోసం ఎవరూ జరిగి చోటివ్వక్కర్లేదు.

ఎనిమిది.

నవంబరు 22

జ్వరం. ఇంట్లోనే. నిన్న పొరపాటున డైరీ కూడా సంచిలో పడి వచ్చింది.

నవంబరు 24

జ్వరం. ఫోన్ మోగింది. నా గొంతు వింటే చెల్లి కనిపెట్టేస్తుంది, ఎత్తలేదు.

నవంబరు 27

తగ్గింది. మంచినీళ్ళు మంచం పక్కకి తెచ్చి పెట్టుకోవడం నేర్చుకున్నాను. అదేమంత కష్టం కాదు.

నవంబరు 29

మళ్ళీ నా బల్ల, నా దీపం. వారంరోజులు చూడకపోతే ఇంత బెంగ పెట్టుకుంటానని అనుకోలేదు. తెర ఎవరో పూర్తిగా మూసేశారు. మళ్ళీ జరిపాను. చెప్పాల్సినవి చాలా పోగుపడ్డాయి.

ఎనిమిది.

డిసెంబరు 3

ఎనిమిది దాటింది.

డిసెంబరు 6

అయిదు వారాల కార్డులూ చల్లగదికి చేరాయి. గుడ్లన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. గుడ్డు నల్లబడిందంటే లోపల నాది ఉన్నట్టే. తలుపు మూసి బోల్టు వేశాను. ఇక వసంతం దాకా నిద్ర.

పొట్టి పగటి గదిలో అరలు ఖాళీ. కూర్చుందామని వెళ్ళాను గానీ కూర్చోలేకపోయాను. డైరీ ఇంటికి తెచ్చేశాను.

జనవరి 11

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 2

చెల్లి చెప్పకుండా వచ్చింది. రెండో గదిలోకి తొంగిచూసి, తాడు మీద బట్టలు చూసి, వెనక్కి వచ్చి కూర్చుంది. కాస్త ఒళ్ళు చేసింది. బాగుంది.

"ఫోన్ ఎందుకు ఎత్తవు?"

"పనిలో ఉంటాను."

"సాయంత్రం కూడానా?"

"సాయంత్రం కూడా."

నేనే బస్సు టైమైందని గుర్తుచేశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.

మార్చి 12

ప్రతి వారం నుంచి నాలుగేసి కార్డులు తీసి వెచ్చగదిలో పెట్టాను. పదో రోజుకి గుడ్లకి కన్నాలు పడి కందిరీగలు బయటికి రావాలి.

మార్చి 22

మొదటి వారం: వచ్చాయి. నాలుగో వారం: చక్కగా వచ్చాయి, సీసా అంతా పొగలాగా కమ్ముకుంది.

రెండు, మూడు, అయిదు: లేవు. నల్ల గుడ్లు నల్లగానే ఉన్నాయి. భూతద్దం కింద ఒక్క కన్నం లేదు. సూదితో చీల్చి చూశాను, లోపల ఎండిపోయి ఉన్నాయి. వాటికసలు నిద్రే పట్టలేదు. మెలకువగానే చల్లగదిలోకి వెళ్ళాయి.

మళ్ళీ ఒక్కో కార్డూ తీసి భూతద్దం కింద మొదటినుంచి చూశాను.

మార్చి 23

పెద్ద సారు వారాలవారీగా పట్టిక వేయించాడు. "నిద్రపోలేదంటే పగలు పొడుగైంది. పగలు పొడుగైందంటే దీపాలు ఆరలేదు. దీపాలు ఆరలేదంటే టైమరు. మొదటి వారం టైమరు కొత్తది, బాగానే పనిచేసింది. నాలుగో వారం మీరు సెలవులో ఉన్నారు, అందుకని కరెంటాయన తనే జాగ్రత్తగా చూసుకున్నాడు. మీరుంటే మీ మీద వదిలేసి నిద్రపోయాడు. అంతే కదమ్మా?"

లెక్క అతికినట్టు సరిపోయింది. "టైమరే అయ్యుంటుంది సార్" అన్నాను.

మార్చి 25

కరెంటాయన్ని పిలిచి అడిగారు. టైమరు విప్పి బల్ల మీద పెట్టి, "బాగానే ఉంది సార్, మీరే చూడండి" అన్నాడు. ఇప్పుడు బాగుంటే అప్పుడు బాగున్నట్టు కాదన్నాడు సారు. మరి దీపాలు ఎలా వెలిగాయో చెప్పమన్నాడు. కరెంటాయన నోరు తెరిచి, నావైపు ఒకసారి చూసి, మూసేశాడు. మోకాలి గురించి గంట మాట్లాడే మనిషి, ఒక్క మాట అనలేదు.

ఏప్రిల్ పదో తారీఖు నుంచి రానక్కర్లేదని చెప్పారు.

మార్చి 28

సంఘం పెద్దావిడ వచ్చింది. ఈసారి కుర్చీ చూపించకుండానే కూర్చుంది.

"సగం కూడా రావా?"

"అయిదు వారాల్లో రెండు వారాలవే బతికాయి."

"ఒట్టు వేయించాను మేడమ్. ఎవరికి ఇచ్చి ఎవరికి లేదననూ? దక్కనివాళ్ళు రేపే మందు కొడతారు. పక్కచేలో మందు కొడితే, తీసుకున్నవాళ్ళ చేలో మీ పురుగులు కూడా చస్తాయి." కుర్చీ ముందుకి జరుపుకుని, "ఎవరి వల్ల జరిగింది?" అంది.

"కరెంటు మనిషి" అన్నాను. చాలా తేలిగ్గా వచ్చేసింది ఆ మాట.

ఏప్రిల్ 1

జ్వరం ఏ తారీఖున మొదలైందో చూద్దామని ఈ డైరీ తీశాను. సెలవు చీటీలో రాయాలి, అంతకంటే ఏమీ లేదు.

నవంబరు మొదటి వారం: ఒకటి రెండు లైన్లు. ఇంట్లో రాసినవి. ఏడో తారీఖు ఒక్కటే కేంద్రంలో, అదీ ఎర్ర దీపం కింద.

రెండో వారం, మూడో వారం: పేజీలకు పేజీలు. ఏడు, ఏడున్నర, ఎనిమిది.

నాలుగో వారం: జ్వరం. జ్వరం. తగ్గింది.

అయిదో వారం: ఎనిమిది. ఎనిమిది దాటింది.

లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను. అవే తారీఖులు. నేను ఆ గదిలో మామూలు బల్బు వేసుకుని రాసిన వారాలు చచ్చాయి. రాయని వారాలు బతికాయి.

ఏప్రిల్ 2

బల్బు చాలా చిన్నది.

ఏప్రిల్ 3

తెర మందంగా ఉంటుంది. జానెడే జరిపాను.

ఏప్రిల్ 4

ఎంత మసక వెలుగైనా వాటికి పగలే. ఈ మాట గది తలుపు మీద బోర్డులో ఉంది. ఆ బోర్డు రాసింది నేను. కింద నా సంతకం కూడా ఉంది.

ఇవాళ కరెంటాయన తన సామాన్లు సర్దుకుంటున్నాడు. ఒక డబ్బాలో మరలు, ఒక డబ్బాలో ఫ్యూజులు. నన్ను చూసి, "భోంచేశారా మేడమ్?" అన్నాడు. తల ఊపి వచ్చేశాను.

రేపు చెప్తాను.

ఏప్రిల్ 5

చెప్పలేదు. చెబితే గది తాళాలు తీసేసుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా నా నడుముకున్న తాళాలు. చెల్లి పోయింది, ఇక ఇది కూడా పోతే పొద్దున్న లేచి నేను ఎక్కడికి పోవాలి?

ఇది రాసి చదువుకున్నాను. కరెంటాయన కూడా పొద్దున్నే లేస్తాడు కదా.

ఏప్రిల్ 6

చెప్పాను.

సారు మొదట నమ్మలేదు. నేను కరెంటాయన్ని కాపాడాలని చెబుతున్నాననుకున్నాడు. "మీలాంటి మనిషి ఆ గదిలో తెల్లబల్బు పెడుతుందా?" అన్నాడు. ఇన్నేళ్ళ మంచిపేరు నా నోటికే అడ్డం పడింది. చివరికి సంచిలోంచి డైరీ తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇది మీ సొంతం కదమ్మా."

"సొంతమే సార్. తారీఖులు చూడండి. చివర గంట రాసి ఉంటుంది. మిగతాది చదవకపోతే..." అని ఆగాను. మిగతాది చదవకుండా తారీఖులు ఎవరు చూడగలరు?

ఈ పేజీ విడి కాగితం మీద రాస్తున్నాను. ఒంటి మీద బట్టలు లేనట్టుంది.

ఏప్రిల్ 7

డైరీ తిరిగి ఇచ్చాడు. ప్రతి గంట పక్కనా పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టాడు. తాళాల గుత్తి తీసుకున్నాడు. రేపటి నుంచి నేను జిగురు బల్ల దగ్గర, అట్టలకి జిగురు రాసి గుడ్లు అతికించే పని. చేరినప్పుడు నాకిచ్చిన మొదటి పని అదే. సంఘం పెద్దావిడకి నేనే వెళ్ళి చెప్పాలన్నాడు. చెప్తానన్నాను.

కోపంగా ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. తలుపు దాకా వచ్చి గొంతు సవరించుకుని, "నవంబరు పద్నాలుగు..." అన్నాడు. నా ప్రాణం పోయింది. "ఆ కళ్ళజోడు నుదుటి మీద ఉందని నాకు తుమ్ము రాకముందే తెలిసింది. అందరూ వెతుకుతున్నారు, ఎలా తీయాలో తెలియలేదు" అన్నాడు.

ఏప్రిల్ 8

పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. కరెంటు మనిషి కాదు, నేనే అని చెప్పాను. తిట్టలేదు. చేను గట్టు మీద నిలబడి, "ఈ వరసకి ఉంది, ఆ వరసకి లేదు" అని చేత్తో గీత గీసి చూపించింది. లేని వరసలో ఆమె సొంత చేను ఉంది.

బస్సులో కిటికీ పక్క కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు, చూసినా ఫరవాలేదు.

ఏప్రిల్ 9

కరెంటాయన్ని ఉండమన్నారు. పొద్దున్నే పొట్టి పగటి గదిలో నేల మీద కూర్చుని, నా పాత బల్ల వెనక ప్లగ్గు విప్పుతున్నాడు. అయిదు దాటితే ఆ గదిలో ఏ ప్లగ్గుకీ కరెంటు రాకుండా తీగలు టైమరుకి కలుపుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళడానికి ఇప్పుడు నేను కూడా అడగాలి.

"మీకు నా మీద కోపం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు? పదిహేను రోజులు మా ఆవిడ ముందు దోషిలా కూర్చున్నాను."

"తలుపు కింద వెలుగు మీకు కనపడలేదా?"

"రోజూ కనపడేది."

"మరి సారుతో ఎందుకు చెప్పలేదు?"

మర బిగిస్తూనే ఉన్నాడు. "చెబితే, అయిదు దాటాక ఆవిడ లోపల ఏం చేస్తోందని అడుగుతారు కదా మేడమ్."

"రాసుకుంటోందని చెప్పాల్సింది."

"మీరు రాసుకుంటారని నాకేం తెలుసు? నాకు మాటలే వినపడేవి." అప్పుడు తల ఎత్తాడు. "మొదట్లో మీ చెల్లెలుగారితో ఫోన్లో అనుకున్నాను. 'ఒసేయ్, ఇవాళ ఏమైందో విను' అనేవారు. నవ్వేవారు. మధ్యలో ఆగేవారు, అవతల ఆవిడ ఏదో అన్నట్టు. పోనీలే, అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటున్నారని నేనూ సంతోషించి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు చూస్తే మీ ఫోను బయట కిటికీ గూట్లో ఉంది. వెలుగని లోపలికి ఫోన్లు తీసుకెళ్ళరు కదా. అది మోగుతోంది. చెల్లి అని పేరు పడుతోంది. లోపల మీరు చెల్లితో మాట్లాడుతూనే ఉన్నారు." మళ్ళీ మర అందుకున్నాడు. "తలుపు కొట్టి ఫోను ఇద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఇది సారుకి ఎలా చెప్పమంటారు?"

నిజమే. ఈ డైరీ మొదటినుంచి చివరిదాకా తిరగేశాను, ఆ సంగతి ఎక్కడా లేదు. అప్పట్లో నేను తప్ప ఎవరూ చదవరని అనుకుని కూడా నేను రాయలేదు.

ఇంటికి వచ్చి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"అక్కా? ఒంట్లో బాగుందా?"

"బాగాలేదే. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ బాగాలేదు."

మిషను ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఏమైందో మొత్తం చెప్పు" అంది.

దానికి చెప్పాల్సినవన్నీ ఆ గదిలో ఎప్పుడో చెప్పేశాను. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.